లేయా కన్నులు మెత్తనివా, జబ్బువా?

తెలుగులో "మెత్తన" అను మాటకు రెండు ముఖములు గలవు. పత్తి మెత్తన, వెన్న మెత్తన, నానిన నేల మెత్తన అనినప్పుడు ఆ మాటలో మెప్పే గాని నింద లేదు. అయితే "వాడు మెత్తనివాడు" అని ఒక మనుష్యుని గూర్చి చెప్పినప్పుడు, అది మెప్పో నిందో చెప్పువాని గొంతును బట్టియే తెలిసికొనవలెను. పెండ్లి సంబంధము మాటలాడు చోట అది మెప్పు. పిల్లను ఏడిపించడని దాని అర్థము. పొలము గట్టు తగాదాలో అదే మాట నింద; వాని గట్టును రెండు సాళ్లు లోపలికి దున్నుకొన్నను నోరెత్తడని దాని అర్థము. మెత్తనివానిని చూచిన మొత్తబుద్ధి యగునని మన పెద్దలు సామెత చెప్పుదురు. "మెతక" యను మాటయు ఈ కుదురులోనిదే. దానిలోనుండి మెప్పు పూర్తిగా జారిపోయి నింద మాత్రమే మిగిలినది. మెతకవాడని పిలువబడుటకు మన పల్లెలలో ఎవడును ఇష్టపడడు.

ఈ మాట మనము ఇతరుల యొద్దనుండి అరువు తెచ్చుకొన్నది కాదు. పరుపును "మెత్త" యందుము. అరవములో పరుపు "మెత్తై", మెత్తనిది "మెదు", కన్నడములో "మెత్తగె". దక్షిణదేశపు అన్నదమ్ముల భాషలన్నిటిలోను ఇది పాతకాలపు మాట. మనము ఒళ్లు వాల్చుకొను పరుపునకును, మనము చులకనగా చూచు మనిషికిని ఒకే మాట వాడుచున్నామన్న సంగతి కొంచెము ఆలోచింపదగినది.

సంస్కృతమునుండి మనము తెచ్చుకొన్న "మృదువు" అను మాట వేరొక దారిలో వచ్చినది. నలుపుట, పిసుకుట అను అర్థముగల ధాతువు దానికి మూలము. ఒంటికి నూనె రాచి పిసుకుటను "మర్దన" యనుట ఆ ధాతువు వలననే. మట్టిని "మృత్తిక" యనుటయు దానికి చుట్టమే. లాటిను భాషలో మెత్తన యను అర్థముగల "మొల్లిస్" అను మాట కూడ ఈ కుటుంబమునకు చెందినదని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. కాబట్టి ఆ మాట పుట్టుకను బట్టి చూచినయెడల మృదువైనది అనగా పుట్టుకతోనే బలము లేనిది కాదు, నలిగి మెత్తబడినది. పొలములో గడ్డలు కొట్టువారికి ఈ భేదము మేము వివరింపనక్కరలేదు.

ఇప్పుడు పరిశుద్ధ గ్రంథమునకు వత్తము. ఆదికాండము 29వ అధ్యాయము 17వ వచనములో లాబాను కుమార్తెలిద్దరిని గూర్చి ఒకే వాక్యములో చెప్పబడినది. రాహేలునకు రూపమును సౌందర్యమును కలవు. లేయాను గూర్చియైతే ఆమె కన్నుల మాట ఒక్కటే చెప్పబడినది. మన తెలుగు బైబిలులో అవి "జబ్బు" కండ్లు. మేము ఆ అధ్యాయమును స్త్రీల కూటములో చదివించిన దినమున ఒక ముసలమ్మ లేచి, "అయ్యగారూ, లేయమ్మ కండ్లకు ఏం జబ్బు? కలకలా? శుక్లాలా? మందేమైనా వేయించారా?" అని యడిగినది. పక్కనున్న స్త్రీలు నవ్విరి గాని ఆమె నవ్వుటకు అడుగలేదు. ఆమె మనుమరాలికి ఒక కన్ను మెల్ల. మూడు సంబంధములు వచ్చి తిరిగిపోయినవి. తన యింటిలో నున్న పిల్ల వంటి పిల్ల ఒకతె బైబిలులో నున్నదేమో యని ఆమె వెదకుచుండెను.

ఆమెకు ఉత్తరము చెప్పుటకు మూలభాషను చూడక తప్పదు. హెబ్రీ గ్రంథములో అచ్చట నున్న మాట "రక్". స్త్రీలింగ బహువచనములో "రక్కోత్" అని యున్నది. హెబ్రీ మాటలు చాలవరకు మూడు హల్లులతో కట్టబడును. దీనికి ర, క, క అనునవి మూలాక్షరములు. మెత్తబడుట, లేతగానుండుట, కరగుట అనునవి దాని అర్థములు. సోదర భాషయైన అరబ్బీలో "రకీక్" అనగా పలుచనిది, బలము లేనిది. అచ్చట మాట బలహీనత వైపునకు ఒరిగినది. సిరియా క్రైస్తవుల భాషయైన సురియానీలో నింద లేకుండ మెత్తన అను అర్థమే నిలిచినది. ఆ భాషా వ్యాకరణవేత్తలు కొన్ని హల్లులు గట్టిగా పలుకునప్పుడు ఒక పేరును, అవే హల్లులు మెత్తగా పలుకునప్పుడు "రుక్కాఖా" అను పేరును పెట్టిరి. మన వ్యాకరణములో క చ ట త ప లను పరుషములనియు గ జ డ ద బ లను సరళములనియు చెప్పుటను బడిలో నేర్చుకొన్నవారికి ఇది వెంటనే తెలియును. సరళమైన అక్షరమును జబ్బుపడిన అక్షరమని యెవ్వరైన అందురా?

ఈ "రక్" అను మాట పాతనిబంధనలో ఇంకను ఎక్కడెక్కడ నున్నదో వెదకి చూచితిమి. అబ్రాహాము మమ్రే దగ్గర అతిథుల కొరకు పరుగెత్తి తెచ్చిన దూడ రక్, మనవారు "లేత" దూడ యనిరి (ఆది. 18:7). ఏశావుతో కలిసి వేగముగా నడువలేని యాకోబు పిల్లలు రక్. పసివారని అర్థము (33:13). దావీదు తన కుమారుడైన సొలొమోను ఆలయము కట్టుటకు ఇంకను రక్ అని చెప్పెను (1 దిన. 22:5). దేవదారు చెట్టు కొననున్న చిగురు రక్ (యెహె. 17:22). తల్లి దృష్టిలో ఒక్కగానొక్క బిడ్డ రక్ (సామె. 4:3). కోపమును చల్లార్చు మాట రక్ (సామె. 15:1). ఇన్ని చోట్లలో ఒక్కచోటనైనను ఆ మాటకు రోగము అను అర్థము లేదు. లేతదనము, సుకుమారము, మెత్తదనము ఉన్నవి. పిరికితనము కూడ కొన్ని చోట్ల నున్నది, దాని సంగతి ముందు చెప్పుదుము. కాని జబ్బు లేదు.

మరి లేయా కన్నులకు జబ్బు ఎచ్చటనుండి వచ్చినది? క్రీస్తునకు పూర్వము అలెక్సంద్రియలోని యూదులు ధర్మశాస్త్రమును గ్రీకులోనికి మార్చినప్పుడు ఇచ్చట "అస్థెనెయిస్" అను మాట వేసిరి. బలము లేనివి అని దాని అర్థము. లాటిను బైబిలు సిద్ధపరచిన జెరోము భక్తుడు ఇంకొక అడుగు ముందుకు వేసి, పుసులుకట్టిన కన్నులని అర్థమిచ్చు మాటను వ్రాసెను. అయితే అరామిక్ భాషలోనికి ధర్మశాస్త్రమును మార్చిన ఒంకెలోసు తర్గూములో లేయా కన్నులు అందమైనవని యున్నది! ఒకే మాటను చూచి ఒకరు పుసి యనిరి, ఒకరు అందమనిరి. 1611వ సంవత్సరపు ఇంగ్లీషు బైబిలు లేతకన్నులని మూలమునకు దగ్గరగా నిలిచినది. 1952లో వచ్చిన సవరించిన ఇంగ్లీషు బైబిలు బలహీనమని వ్రాసినది. దానినే మరల సవరించి 1989లో ప్రకటించినవారు మనోహరమని మార్చిరి. 37 సంవత్సరములలో లేయా కన్నులు బాగుపడినవి, మందేమియు లేకుండనే.

యూదా బోధకుల చెప్పుకోలు మరియొకటి కలదు. 11వ శతాబ్దములో ఫ్రాన్సు దేశమున నివసించిన రాషీ అను వ్యాఖ్యానకర్త దానిని తన వ్యాఖ్యలో వ్రాసెను. లాబానునకు ఇద్దరు కుమార్తెలు, రిబ్కాకు ఇద్దరు కుమారులు. పెద్దది పెద్దవానికి, చిన్నది చిన్నవానికి అని లోకులు చెప్పుకొనుచుండిరట. ఏశావునకు భార్యగా పోవలసి వచ్చునని లేయా ఏడ్చి ఏడ్చి కన్నులు మెత్తబడినవట. ఇది వాక్యములో లేదు గనుక మేము దీనిని బోధగా చెప్పము. అయినను ఈ కథ చెప్పినవారికి ఆడపిల్లల మనస్సు తెలియునని ఒప్పుకొనవలెను.

మా తలంపున చిక్కంతయు ఒక చిన్న అక్షరములో నున్నది. హెబ్రీలో రెండు మాటలను కలుపుటకు "వ" అను అక్షరమును ముందు చేర్చుదురు. అది "మరియు" అని యగును, "అయితే" అనియు నగును. చదువువాడే సందర్భమును బట్టి తెలిసికొనవలెను. లేయా కన్నులు మెత్తనివి, మరియు రాహేలు రూపవతి అని చదివినయెడల ఇద్దరు అక్కచెల్లెండ్రకును చెరియొక మెప్పు. లేయా కన్నులు మెత్తనివి, అయితే రాహేలు రూపవతి అని చదివినయెడల మొదటిది లోపమై తీరవలెను. లోపమే యని ముందుగా నిశ్చయించుకొన్నవానికి "మెత్తన" చాలదు, "జబ్బు" కావలసివచ్చును. మనము పెండ్లిచూపులకు వెళ్లినప్పుడు అక్క పక్కన చెల్లెలిని కూర్చుండబెట్టిన యింటిలో ఏమి జరుగునో అదే ఈ వచనమునకు జరిగినది. చెల్లెలు అక్కడ లేకున్న అక్కలో ఎవ్వరును వంక చూపకపోదురు.

మన తెలుగు బైబిలు సిద్ధపరచిన దైవజనులను మేము తప్పుపట్టుట లేదు. వారికి ముందున్న ఎన్నో తర్జుమాలు అదే త్రోవ నడచినవి. రాహేలు మీద యాకోబునకు గల ప్రేమను వెంటనే చెప్పిన తరువాతి వచనమును బట్టి ఆ త్రోవయే సరియని చెప్పు పండితులు నేటికిని గలరు. మెరుపు లేని కన్నులని చెప్పుట ఉద్దేశమై యుండవచ్చును. కాని మెరుపు లేకపోవుట జబ్బు కాదు. ముసలమ్మకు మేము చెప్పిన ఉత్తరము ఇంతే: "అమ్మా, మూలములో జబ్బు లేదు. మెత్తని కన్నులని యున్నది." ఆమె కొంతసేపు ఊరకుండి, "అయితే మా పిల్లను చూడవచ్చినవారికి హెబ్రీ రాదన్నమాట," అనినది. ఈసారి నవ్వినది ఆమెయే.

ఇంతవరకు మెత్తదనము పక్షమున మాటలాడితిమి. రెండవ పక్షము కూడ వినవలెను. ఏలయనగా వాక్యము దానిని దాచలేదు.

ద్వితీయోపదేశకాండము 20వ అధ్యాయములో యుద్ధమునకు పోవువారిని గూర్చిన విధులున్నవి. క్రొత్త యిల్లు కట్టి ప్రవేశింపనివాడు, ద్రాక్షతోట వేసి ఫలము తిననివాడు, స్త్రీని ప్రధానము చేసికొని యింకను పెండ్లి చేసికొననివాడు ఇంటికి పోవచ్చును. చివరకు నాయకులు ఇంకొకనిని పిలువవలెను: భయపడువాడును గుండె "రక్" అయినవాడును. వానిని కొట్టుమని గాని సిగ్గుపరచుమని గాని లేదు, ఇంటికి పంపుమని మాత్రమే యున్నది. వాని గుండె కరగినట్లు వాని సహోదరుల గుండెలు కూడ కరగకుండునట్లని కారణము వ్రాయబడియున్నది. మెత్తదనము అంటుకొను గుణము గలదని వాక్యము ఎరుగును. ఒకడు జంకినయెడల పదిమంది జంకుదురు.

ఒక సంఘములో పెద్దల ఎన్నిక సమయమున మేము ఈ మాటను ఎదుర్కొంటిమి. ఒకాయన పేరు ప్రతిపాదింపబడగా వేరొకాయన లేచి, "అయ్యగారూ, మా పెద్దయ్య మంచోడే, కాదనను. కానీ మెత్తనోడు. ఎవరేమన్నా సరేనంటాడు. పెద్దరికానికి పనికిరాడు," అనెను. అతడు ద్వేషము వలన చెప్పలేదు. అంతకు ముందటి యేట కోతపండుగ కానుకగా వచ్చిన ధాన్యములో కొన్ని బస్తాలు లెక్కకు రాలేదు. ఎవరి కొట్టులోనికి పోయినవో ఊరందరికి తెలియును. లెక్క వ్రాయు పెద్దాయనకు మరి బాగుగా తెలియును. కాని ఆయన ఆ యింటివారి ముఖము చూచి అడుగలేకపోయెను. ఫలితముగా ఆ యేడు విధవరాండ్రకు పంచు భాగములో కొరత పడినది. ఒకని యెడల ఆయన చూపిన మెత్తదనమునకు వెల చెల్లించినది పూట గడవని స్త్రీలు. ఇది చిన్న సంగతి కాదు. మెత్తదనము ఎల్లప్పుడు సుగుణమని బోధించువారు ఈ వెల ఎవరు కట్టుచున్నారో లెక్క చూచుకొనవలెను.

అయితే అదే పెద్దాయన, ఊరంతయు వెలివేసినట్లు చూచిన ఒక యింటిలో చావు కలిగినప్పుడు, తన యింటినుండి అన్నము వండించి తీసికొని పోయెను. గట్టివారమని పేరుపొందిన మిగిలిన పెద్దలలో ఒక్కడైనను ఆ గడప త్రొక్కలేదు. లోకుల నోటికి భయపడి వారు ఆగిపోయిరి. మెత్తనివాడు ఆగలేదు. అప్పుడు ఎవరిది పిరికి గుండె?

ఇట్టి చిక్కు రాజైన రెహబాము చరిత్రలో బాగుగా కనబడును. అతని కుమారుడైన అబీయా తన తండ్రిని వెనుకవేసికొని, ఆయన అప్పుడు చిన్నవాడును గుండె "రక్" అయినవాడును గనుక పనికిమాలిన మనుష్యుల నెదిరింపలేకపోయెనని చెప్పెను (2 దిన. 13:7). కుమారుడు తండ్రి పరువు కాపాడుకొనుట సహజమే. కాని రెహబాము ఏలనారంభించినప్పుడు అతనికి 41 సంవత్సరములని వ్రాయబడియున్నది (1 రాజు. 14:21). 41 ఏండ్లవాడు చిన్నవాడా? అదియు గాక, కాడి తేలిక చేయుమని షెకెములో జనులు వేడుకొన్నప్పుడు అతడు వారికి కఠినముగా ఉత్తరమిచ్చెనని రాజుల గ్రంథము చెప్పుచున్నది (1 రాజు. 12:13). అచ్చట నున్న హెబ్రీ మాట "కాషే". అది "రక్" అను దానికి సరిగా ఎదురు మాట. మెత్తని గుండెగలవాడు గట్టి మాట పలికెను! ఇది ఎట్లు పొసగును?

పొసగును. రెహబాము ఎవరి యెదుట మెత్తనివాడు? తనతో కూడ పెరిగిన స్నేహితుల యెదుట. వారు ఎగదోయగా కాదనలేకపోయెను. ఎవరి యెదుట గట్టివాడు? బరువు మోయలేక వచ్చిన ప్రజల యెదుట. తన సమానుల యెదుట వంగినవాడు తన క్రిందివారిని వంచబోయెను. పది గోత్రములు ఆ దినమున పోయినవి. ఇట్టివారు మన మధ్య లేరా? ఊరి మోతుబరి యెదుట చేతులు కట్టుకొని నిలువబడి, ఇంటికి వచ్చి భార్యమీద అరచువానిని ఏమందుము? మెత్తనివాడందుమా, గట్టివాడందుమా?

దావీదు వంటి శూరుడు సహితము ఒక దినమున తన్ను తాను "రక్" అని చెప్పుకొనెను (2 సమూ. 3:39). యోవాబు అబ్నేరును సమాధానపు మాటల సాకుతో ద్వారములోనికి పిలిచి పొడిచి చంపెను. దావీదు పాడె వెంట నడిచి ఏడ్చెను, సాయంకాలము వరకు భోజనము చేయలేదు. కాని నరహంతకుని శిక్షింపలేదు. తాను అభిషేకము పొందిన రాజైనను మెత్తనివాడనియు, సెరూయా కుమారులు తనకు మించిన గట్టివారనియు ఒప్పుకొనెను. ఇచ్చటను "రక్", "కాషే" అను రెండు మాటలు ఒక దానికి ఎదురుగా ఒకటి నిలిచినవి. జనులు ఆయన దుఃఖమును చూచి సంతోషించిరి. కాని అబ్నేరు రక్తము మాట అట్లే మిగిలిపోయినది. మరణకాలమున దావీదు ఆ బరువును సొలొమోను తలమీద పెట్టవలసివచ్చెను (1 రాజు. 2:5, 6). తండ్రి మెత్తదనమువలన తీరని లెక్క కుమారుడు కత్తితో తీర్చవలసినదాయెను. మనస్సులో జాలి యుండుట ఒకటి, చేయవలసిన న్యాయమును చేయకపోవుట మరియొకటి. కన్నీరు నిజమైనదైనను అది రెండవ దానికి బదులు కాదు.

ఇప్పుడు యోషీయాను చూడుడి. ఎనిమిదేండ్ల వయస్సున రాజై, ఏలుబడిలో 18వ యేట, అనగా 26 ఏండ్ల ప్రాయములో, మందిరములో దొరికిన ధర్మశాస్త్ర గ్రంథమును విని బట్టలు చింపుకొనెను. ఇది క్రీస్తుపూర్వము 622 ప్రాంతమున జరిగినదని చరిత్రకారులు లెక్కింతురు. హుల్దా యను ప్రవక్త్రి అతనికి పంపిన వర్తమానములో, అతని గుండె మెత్తబడినదని చెప్పి, దానినిబట్టియే దేవుడు అతని మొర వినెనని తెలిపెను (2 రాజు. 22:19). ఆ మాటయు ర, క, క అను మూలాక్షరములనుండి వచ్చినదే. యుద్ధభూమినుండి ఇంటికి పంపివేయబడిన గుండెయు, యెరూషలేములో మెచ్చుకొనబడిన గుండెయు ఒకే మాటతో వర్ణింపబడినవి!

మెత్తబడిన యోషీయా తరువాత ఏమి చేసెనో 23వ అధ్యాయము చదివినవారికి తెలియును. బలిపీఠములను పడగొట్టెను, విగ్రహములను పొడి చేసెను, బేతేలు వరకు పోయెను. అంతకు ముందు ఏ రాజును తాకని సొలొమోను కాలపు ఉన్నతస్థలములను సహితము అపవిత్రపరచెను. వాక్యము ఎదుట మైనము, విగ్రహముల ఎదుట సమ్మెట. రెహబాము దీనికి తలక్రిందులు. ఇద్దరి గుండెలును రక్ అను మాటతోనే చెప్పబడినను, ఒకని గుండె వినవలసిన వానికి లోబడినది, రెండవవాని గుండె వినదగనివారికి లోబడినది. ఇశ్రాయేలీయులకు దేవుడు పెట్టిన నిందను జ్ఞాపకము చేసికొనుడి, వారు మెడ "కాషే" అయినవారు (నిర్గ. 32:9). కాడి మెడమీదికి రానియ్యని ఎద్దు వంటివారని దాని భావము. అట్టి ఎద్దు గట్టిదని సంతలో ఎవడును ఎక్కువ ధర పెట్టడు.

మెత్తని మాటలన్నియు మంచివని తలంపరాదు. 55వ కీర్తనలో ఒక స్నేహితుని మాటలు నూనెకంటె మెత్తనివని యున్నది; అదియు ఈ మాటయే; అవి దూసిన కత్తులట (21వ వచనము). వడ్డీకిచ్చువాడు మొదటి దినమున ఎంత మెత్తగా మాటలాడునో అప్పు తీసికొన్నవారికి తెలియును. కాబట్టి సామెతలు 15:1లో చెప్పబడిన మెత్తని మాట నాలుకకు నూనె పూసికొనుట కాదు. అది కోపముగా నున్నవాని యెదుట చెప్పబడు మాట. కోపముగా నున్నవాని యెదుట నిలువబడి సత్యమును మెత్తగా చెప్పుటకు పిరికివానికి చేతకాదు. పిరికివాడు ఆ సమయమున అక్కడ నుండడు.

సామెతలు 25:15లో ఇంకొక వింత గలదు. మెత్తని నాలుక యెముకను విరుగగొట్టునని అచ్చట నున్నది. శరీరమంతటిలో ఎముక లేని అవయవము ఎముకను విరుచుట! చాలకాలము ఓర్చుకొని అధిపతిని ఒప్పించు వానిని గూర్చి ఆ వచనములో చెప్పబడినది గనుక, ఇది ఒక్క దినములో జరుగు పని కాదని తెలియుచున్నది. ఇచ్చట "రక్" అను దానికి మన తెలుగు బైబిలులో "సాత్వికమైన" అను మాట వేసిరి. ఈ తర్జుమాను మేము ఎంతయు మెచ్చుకొనుచున్నాము. సాత్వికమనునది "సత్త్వము" అను మాటనుండి వచ్చినది. సత్త్వమనగా సారము, బలము, ధైర్యము. మనము పొలములో "సత్తువ గల నేల" అనుటయు, జ్వరము పడి లేచినవాడు "ఒంట్లో సత్తువ లేదు" అనుటయు ఆ మాటయే. కాబట్టి పుట్టుకను బట్టి సాత్వికుడు సత్తువ లేనివాడు కాడు, సత్తువ గలవాడే. కొండమీది ప్రసంగములో (మత్త. 5:5) ధన్యులని చెప్పబడినవారిని మన బైబిలు ఈ పేరుతోనే పిలిచినది. గ్రీకులో అచ్చట నున్న మాట వేరు, దాని చరిత్రయు వేరు. అయినను తెలుగువారికి దొరికిన ఈ మాట తక్కువది కాదు.

గ్రీకు మాట వచ్చినది గనుక ఒక సంగతి చెప్పి విడిచెదము. క్రొత్తనిబంధనలో మెత్తన యనుటకు "మలకోస్" అను మాట గలదు. బాప్తిస్మమిచ్చు యోహాను మెత్తని బట్టలు ధరించినవాడు కాడని ప్రభువు చెప్పినప్పుడు (మత్త. 11:8) ఆ మాటయే యున్నది. దానినుండి పుట్టిన "మలకియా" అనుదానికి మత్తయి 4:23లో దేహములోని రుగ్మత అని అర్థము. ఆ భాషలో మెత్తదనము జారిజారి రోగమునకు పేరైనది. అట్టి భాష మాటలాడినవారు లేయా కన్నులను బలము లేనివిగా తర్జుమా చేసిరన్న ఆశ్చర్యము మాకు ఇప్పుడు లేదు. మనమును అట్టి జారుడు నేలమీదనే యున్నాము. మెత్తన మెతకయైనది. "పాపము" అను మాటను సహితము నేడు బలహీనుని చూచి జాలిపడుటకు వాడుచున్నాము గదా!

ఆ సంఘములో ఎన్నిక ఏమైనదని చదువరులు అడుగుదురేమో. ఆ పెద్దాయనను సంఘము పెద్దగానే ఎన్నుకొనెను. రోగులను, చావు కలిగిన యిండ్లను దర్శించు పని ఆయనకు అప్పగించిరి. కానుకల కొట్టు తాళపుచెవి మాత్రము లేచి అభ్యంతరము చెప్పినాయనకే ఇచ్చిరి. ఇద్దరును ఒప్పుకొనిరి. మరుసటి కోతపండుగకు ధాన్యము లెక్క సరిగానే వచ్చినది.

లేయా సంగతి ముగింపలేదు. యాకోబు ఆమెను కోరి చేసికొనలేదు. ఆమె ద్వేషింపబడినదని వాక్యమే చెప్పుచున్నది (ఆది. 29:31). దానిని చూచినవాడు యెహోవా. ఆమె మూడవ కుమారుడైన లేవి వంశములో మోషే అహరోనులు పుట్టిరి. నాలుగవవాడైన యూదా వంశములో దావీదు పుట్టెను. రాహేలు ఎఫ్రాతా మార్గమున ప్రసవవేదనలో మృతిపొంది ఆ దారి ప్రక్కనే పాతిపెట్టబడెను. యాకోబు ఐగుప్తులో 147 ఏండ్లవాడై మంచముమీద నుండి తన కుమారులను పిలిచి, కనానులోని మక్పేలా గుహలో తన్ను పాతిపెట్టుమని ఆజ్ఞాపించెను. అచ్చట అబ్రాహామును శారాయును, ఇస్సాకును రిబ్కాయును ఉన్నారని లెక్కపెట్టి చెప్పి, కడపట ఒక పేరు చెప్పెను (49:31). లేయాను తానే అచ్చట పాతిపెట్టితినని చెప్పెను. కుమారులు ఆయనను ఐగుప్తునుండి మోసికొనిపోయి ఆమె యున్న గుహలోనే ఉంచిరి.